మార్గళి చలిలో ఆండాళ్ వేషం

మార్గళి నెలలో మా శ్రీవిల్లిపుత్తూరు వచ్చేవాళ్లు పదకొండు అంతస్తుల గోపురం చూసి, పాలకోవా కొనుక్కుని వెళ్లిపోతారు. తెల్లవారక ముందు వీధిలోకి వస్తే ఇంకొకటి కనబడుతుంది: తిరుప్పావై పాడుకుంటూ పోయే భజన గుంపులు, వాళ్ల ముందు ఆండాళ్ వేషంలో చిన్నపిల్లలు. పడమటి కొండల కింద ఊరు గదా, ఆ వేళప్పుడు గాలి చెవుల్లో దూరుతుంది. ఢిల్లీ వాళ్లు వింటే నవ్వుతారేమో, నవ్వనీ.

మా ఆడపడుచుకు మిల్లులో రాత్రి షిఫ్టు. అందుకని ఆమె ఆరేళ్ల కూతురికి వేషం కట్టే పని నాది. ముందు లోపల పొడుగు చేతుల బనియను, కాళ్లకు ప్యాంటు. పైన చీర. అద్దెకిచ్చే కుట్టిన చీర సులువే గాని జరీ మెడ దగ్గర గీరుకుంటది. మా అమ్మ పాత నూలు చీర మడిచి కడతాను, వెచ్చగా ఉంటది. సవరం పెట్టి కొండె పక్కకు ఒరిగేలా చుట్టాలి, అదే ఆండాళ్ గుర్తు. చేతిలో చిలక. గుడిలో అమ్మవారి ఎడమచేతి చిలకను రోజూ ఆకులతో కొత్తగా కడతారు. మాది అట్టముక్క చిలక.

స్వెటరు మాత్రం వద్దంటది పాప. "ఆండాళ్ స్వెటరు వేసుకుంటుందా అత్తా?"

"పెరుమాళ్ల దండే తీసి వేసుకున్న పిల్ల, స్వెటరు వద్దంటుందా?" అన్నా.

నిజంగానే ఈ ఊరి కథ సింగారం కథ. దండ తను వేసుకుని బావిలో నీడ చూసుకుందని చెబుతారు. ఆ బావిని గుడిలో ఇప్పటికీ చూపిస్తారు. కృష్ణదేవరాయలు తెలుగులో రాసిన ఆముక్తమాల్యద ఈ కథే. ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో పాప చదివేది తమిళమే, అందుకే ఇదంతా జడ వేస్తూ నోటితోనే చెబుతుంటా.

నెలంతా నగలు తగిలించడం నాకు నచ్చదు. తిరుప్పావై రెండో పాటలో నెయ్యి, పాలు, కాటుక, పూలు అన్నీ మానేస్తామంటారు. ఇరవై ఏడో పాటలో గాజులు, కమ్మలు, కొత్తబట్టలు, మోచేతిదాకా నెయ్యి కారే పాలన్నం, అన్నీ తిరిగొస్తాయి. అదే కూడారవల్లి, జనవరి 11 ప్రాంతంలో వస్తది. అద్దె నగలు ఆ ఒక్కరోజుకే తెస్తాం. చేతిలో డబ్బూ మిగులుతుంది.

పోయినేడు ఆ పొద్దున భజన మలుపు తిరిగేసరికి మిల్లు బస్సు వచ్చి ఆగింది. మా ఆడపడుచు దిగింది, తలంతా దూది. పాప చిలకను పైకెత్తి చూపించింది. కూతురి కొండె సరిచేయబోయి ఆగి, ముందు తన చేతులు కొంగుకు తుడుచుకుంది.