పూరీ గేట్‌లో కొత్త వంటిల్లు

ఖరగ్‌పూర్ స్టేషనులో దిగి ఐ.ఐ.టి. వైపు సాగే బాటసారికి, ఆ విద్యాసంస్థ ఇంకా దూరాన ఉండగానే దక్షిణాదికి పోయే రైలు పట్టాలు ఎదురవుతాయి. ఆ పట్టాల దగ్గరి గేటు పేరే చుట్టుపక్కల పేటకు పేరై నిలిచింది. పూరీ గేట్ అన్నారు కదా అని జగన్నాథుని జాడకోసం వెదకితే అది వృథా ప్రయాసే. మొన్న శీతకాలంలో మా మేనత్త ఉండే వీధిలో నాకు స్వాగతం పలికినవి మూడు ఇసుక కుప్పలు, టైల్సు అట్టపెట్టెలు, గాలికి లేచే రంపపు పొట్టు. ఆ ఒక్క వీధిలోనే నాలుగు ఇళ్ళలో వంటిళ్ళూ స్నానాల గదులూ పగలగొట్టి కొత్తగా కడుతున్నారు. వాటిలో ఒకటి మా అత్త ఇల్లు.

ఈ ఊరి తెలుగువారికి వంటిల్లు స్వంతం కావడమన్నది చిన్న సంగతి కాదు. పంతొమ్మిదో శతాబ్ది చివర బెంగాల్–నాగపూర్ రైల్వే కంపెనీ ఈ ఎర్రమట్టి మెట్టమీద జంక్షను నిర్మించి, ఆ వెనుకనే పెద్ద వర్క్‌షాపు నెలకొల్పింది. నాటి మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి మనవాళ్ళు కుటుంబాలతో తరలివచ్చారు. తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి కార్మిక నాయకుడుగా పేరు తెచ్చుకున్నది ఈ రైల్వే కార్మికుల మధ్యనే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషలలో స్థానమిచ్చేందుకు ఆమోదం తెలిపిందంటే, అందుకు కారణాలలో ముందుగా చెప్పుకోవలసింది ఖరగ్‌పూర్ తెలుగువారి సంఖ్యాబలమే. అయితే తరతరాలుగా ఇక్కడ పుట్టి పెరిగినా, వారిలో అనేకులు వండుకు తిన్నది రైల్వేవారి వంటింట్లోనే. ఉద్యోగం ముగిసిన తరువాత క్వార్టరు ఖాళీ చేయవలసిందే. శ్రీకాకుళం వైపు తిరిగిపోవడమా, ఇక్కడే కాస్త జాగా కొనుక్కోవడమా అన్న ప్రశ్న అప్పుడే ఎదురవుతుంది. 1994లో మా మామయ్య రెండవ దారి ఎంచుకున్నాడు. ఆయన ఇప్పుడు లేడు. ఆనాడు తొందరలో కట్టిన వంటిల్లే ఇప్పుడు గునపాల పాలయింది.

అత్తకు డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆమె జ్ఞాపకంలో మూడు వంటిళ్ళున్నాయి. మొదటిది, క్వార్టరు రాకముందు అద్దెకున్న ఇంట్లో నేలమీది బొగ్గుల పొయ్యి. సాయంత్రం వేళ వీధి వీధంతా పొయ్యిలు బయటపెట్టి రాజేస్తే, ఆవిరి ఇంజన్ల పొగ ఏదో, పొయ్యిల పొగ ఏదో తెలిసేది కాదట. ఆ ఇంటి మరుగుదొడ్డి పెరటి చివర ఉండేది. దాని వెనుక సందులోనుంచి ఒక ఇనుపరేకు తలుపు తెరిచి, ఒక మనిషి రోజూ శుభ్రం చేసిపోయేది. "మూడేళ్ళు ఉన్నాను రా ఆ ఇంట్లో. ఆమె చెయ్యి చూశాను, గాజులు చూశాను. ముఖం చూసిన గుర్తు లేదు" అన్నది అత్త. అటువంటి దొడ్లను నిషేధిస్తూ 1993లో ఒక చట్టమూ, 2013లో మరింత గట్టి చట్టమూ వచ్చాయి. స్నానాల గదుల సోకును గురించి వ్రాసేవారెవ్వరూ ఈ సంగతి ఎత్తరు. అయినా ఈనాడు మరుగుదొడ్డి పడకగదిని ఆనుకొని లోపలికి రాగలిగిందంటే అందుకు మూలం గొట్టమూ, నీటితొట్టీ, సెప్టిక్ ట్యాంకూ. అలంకారం ఆ తరువాతి మాట.

రెండవ వంటిల్లు క్వార్టరులోనిది, మూడవది మామయ్య కట్టించినది. ఇక నాలుగవది మా బావ సెల్‌ఫోనులో ఉన్నది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న అతని కొడుకు పంపిన బొమ్మ అది. వంటింటికీ హాలుకూ మధ్య గోడ లేదు. తెల్లని అద్దంలా మెరిసే తలుపులు, పిడులు లేని సొరుగులు, పొయ్యిమీద పొగగొట్టం. స్నానాల గదిలో గాజు తెర, పైనుంచి వానలా కురిసే జల్లు, గోడకు వేలాడే కమోడు. అత్త కళ్ళద్దాలు సవరించుకొని చాలాసేపు చూసింది. "బాగుంది. ఇందులో కూర్చునే చోటేదీ?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు వయసుతో పాటు చరిత్ర కూడా ఉన్నది. మన కత్తిపీటా, సన్నికల్లూ కూర్చుని వాడేవే. బెంగాలీల బొఁటీ, శిల్ కూడా అంతే. ఈ విషయంలో ఇరుగు పొరుగులకు ఎన్నడూ భేదం రాలేదు. నిలబడి వండే వంటిల్లు మనకు వచ్చింది గ్యాసుతో. కలకత్తాలో తొలి ఇండేన్ కనెక్షను ఇచ్చింది 1965లో. సిలిండరు రబ్బరు గొట్టం పైకి రావాలి కనుక పొయ్యి గట్టెక్కింది, దానితో ఇల్లాలు లేచి నిలబడింది.

ఈనాడు మాడ్యులర్ కిచెన్ అంటూ అమ్ముతున్న వస్తువుకు పూర్వజన్మ రైలుపెట్టెలో ఉన్నదంటే పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. వియన్నా నగరానికి చెందిన మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే వాస్తుశిల్పి 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ కార్మిక గృహాలకోసం ఒక వంటగది రూపొందించారు. రైళ్ళలోని భోజనశాల పెట్టెల్లో, ఆ ఇరుకులోనే వందమందికి ఎలా వండి పెడుతున్నారో చూసి ఆమె నేర్చుకున్నారు. సుమారు ఆరడుగుల వెడల్పు, పదకొండడుగుల పొడవు. చేయి చాచితే అందే సొరుగులు. అటువంటివి దాదాపు పదివేలు అమర్చారు. అంతకుముందు తాను ఎన్నడూ వంట చేయలేదని ఆమె తరువాత నిస్సంకోచంగా ఒప్పుకున్నారు కూడా. ఒక్క మనిషికి మాత్రమే చోటుండడం, ఇల్లాలు అందులో ఒంటరి కావడం ఆ వంటగదిపై వచ్చిన ప్రధానమైన ఫిర్యాదు. గోడ పడగొట్టి హాలులో కలిపేయడం ఈనాడు దానికి కనిపెట్టిన మందు. కాని ఎండుమిర్చి పోపు వేసే ఇంటికి ఆ మందు ఎంతవరకు సరిపడుతుందో నాకు సందేహమే. మా బావ భార్య మధ్యేమార్గంగా ఒక జారుడు తలుపు పెట్టించింది. ఆ ఇంట్లో జరిగిన తెలివైన నిర్ణయాలలో అదొకటి.

వంటగట్టును మనవాళ్ళు ప్లాట్‌ఫారం అంటారు. ఈ ఊళ్ళో ఆ మాటకు వేరే గౌరవమున్నది. 1,072.5 మీటర్ల పొడవుతో ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం చాలాకాలం ప్రపంచంలోనే పెద్దది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దాన్ని దాటిపోయాయి. వంటింటి ప్లాట్‌ఫారానికి మాత్రం పొడవుకన్నా ఎత్తు ముఖ్యం. బొమ్మలో ముప్ఫైనాలుగు అంగుళాలని ఉన్నది. వడ్రంగి గోడమీద సుద్దతో అక్కడే గీత గీశాడు. అత్త ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. మోచేతికి నాలుగైదు అంగుళాలు దిగువన గట్టు ఉంటే భుజం నొప్పి పుట్టదు. ఆ లెక్కన ఆమెకు ముప్ఫై ఒకటి చాలు. దానిమీద పొయ్యి, పొయ్యిమీద గిన్నె అంటే ఆ చోట ఇంకా దిగాలి. "నేను ఏళ్ళ తరబడి మునివేళ్ళమీద నిలబడి పులుసు కలిపాను" అని అత్త నవ్వుతూ చెబితే, మా బావ తల దించుకున్నాడు. తల్లి మునివేళ్ళమీద నిలబడుతున్నదని ఆ ఇంట్లో అంతవరకు ఎవరూ చూడలేదు.

2022 వానాకాలంలో పాత స్నానాల గది గడప తగిలి ఆమె పడిపోయింది. మణికట్టు విరిగింది. తలుపు లోపలికి తెరిచేది, ఆమె దానికి అడ్డంగా పడి ఉన్నది. తలుపు తీయడానికే అరగంట పట్టిందట. అందుచేత ఈసారి తలుపు బయటికి తెరుచుకుంటుంది. గడప లేదు, నేలకు వాలు మాత్రమే ఉన్నది. మెరిసే టైల్సు మాని గరుకువి తెచ్చారు. పట్టుకునే కడ్డీలను టైల్సు అతికించకముందే ఇటుకగోడలో బిగించారు. గాజు తెర ఖర్చు మానుకొని, అదే డబ్బుతో గోడవార ఒక రాతి అరుగు కట్టించారు. వేలాడే కమోడుకు మాత్రం అత్త ససేమిరా అన్నది. గోడలోపలి ఉక్కు చట్రం ఎంత బరువైనా మోస్తుందని వడ్రంగీ, మేస్త్రీ, చివరకు నేనూ నచ్చజెప్పాము. "మోస్తుంది కాబోలు. నాకు నమ్మకం కుదరద్దూ?" అన్నది. నేలమీద నిలిచేదే వచ్చింది. మూడు లీటర్లు, ఆరు లీటర్లు అని రెండు మీటలున్న తొట్టి అది. కుళాయినీళ్ళు వేళకు వచ్చిపోయే ఊళ్ళో, బొమ్మలోని సొగసులన్నింటికన్నా ఆ రెండు మీటలు విలువైనవి.

నేను సలహా చెప్పగలిగింది నా పొరపాటు వల్లనే. విశాఖలో మా ఇంట్లో వానజల్లు పెట్టించి, బకెట్టుతోనే స్నానం చేస్తున్నాను. ఎవరో చెప్పిన మాట విని చవక చెక్కతో చేయించిన సింకుకింది అరలు రెండు వర్షాకాలాలకే ఉబ్బి తలుపులు పడటం మానేశాయి. మరిగే నీటికి కూడా పొరలు విడిపోని ప్లైవుడ్ అని అడిగి, దానిమీది ఐ.ఎస్. 710 ముద్ర చూసి మరీ కొనమని బావకు చెప్పాను. సింకు కింద అసలు చెక్కే వద్దని, ఖాళీగా ఉంచి గాలి ఆడనిమ్మని మేస్త్రీ అన్నాడు. అతని మాటే నెగ్గింది.

చివరకు మిగిలినది సన్నికల్లు. అత్త దాన్ని పెళ్ళయిన కొత్తలో శ్రీకాకుళం నుంచి రైల్లో తెచ్చుకున్నది. బొమ్మలో దానికి చోటు లేదు. మిక్సీ ఉండగా ఎందుకని మనవడు ఫోనులో వాదించాడు. వడ్రంగి బెంగాలీ; పెరటి తలుపు పక్కన గోనెపట్టామీద ఉన్న ఆ రాతిని చూసి "శిల్!" అన్నాడు, తమ ఇంట్లోనూ ఉన్నదన్నట్టు. మరి కాసేపటికి టేపు తీసి, దాని పొడవూ వెడల్పూ కొలిచి, పెరటి గోడవార నేలకు అడుగెత్తున సుద్దతో ఒక చదరం గీశాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు.

సాయంత్రం బండికి నేను బయలుదేరేవేళకు వంటింటి గోడమీద రెండు గీతలున్నాయి. ముప్ఫైనాలుగు దగ్గరిదాన్ని మా బావ తడిగుడ్డతో తుడుస్తున్నాడు.