ఎవరో చేసి పెట్టిన టీ

పోయినేడు ఇంగ్లండులో అమ్మాయి దగ్గర రెండు నెలలున్నాను. వాళ్ళుండేది డెవన్ కౌంటీలోని ఎక్సెటర్‌లో. వెళ్ళిన పది రోజులకే మా ఇద్దరికీ మాటలు తగ్గిపోయాయి. కారణం చెబితే మీరు నవ్వుతారు. ఓ రాత్రి అల్లుడు గారు చపాతీలు వత్తుతుంటే, లాప్‌టాప్ ముందున్న దాంతో "వారానికి ఒక్కరోజైనా నువ్వు వంటింట్లోకి వెళ్ళొచ్చు కదే" అన్నాను. "ఆ సంగతి మేం చూసుకుంటాంలే అమ్మా" అంది. గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అన్నా బాగుండేది. ఆ తర్వాత "తిన్నావా", "బీపీ మాత్ర వేసుకున్నావా" వరకే మా మాటలు.

ఆ శనివారం అల్లుడు గారికి ఆఫీసు పని ఉండడంతో మేమిద్దరమే డార్ట్‌మూర్ వైపు ఒక పల్లెకి వెళ్ళాం. కారు దిగామో లేదో వాన. ఎదురుగా ఉన్న టీ రూమ్‌లో దూరాం.

రాతి గోడల పాత ఇల్లు. తలకి తగులుతుందేమో అనిపించే కప్పు. ఆరేడు బల్లలు, ఒకదానితో ఒకటి పోలిక లేని కప్పులూ సాసర్లూ. నా వయసే ఉంటుందేమో, ఏప్రన్ కట్టుకున్న ఒకావిడ లోపల్నించి వచ్చి నవ్వింది. కేకులన్నీ ఆవిడే చేస్తుందట. వాళ్ళాయన కప్పులు కడిగి, బల్లలు తుడుస్తున్నాడు.

"ఇక్కడ ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లేవమనరు" అంది అమ్మాయి.

క్రీమ్ టీ చెప్పింది. అంటే టీలో క్రీమ్ వేస్తారనుకున్నాను. కాదు. ఊలుతో అల్లిన టోపీ పెట్టిన టీపాట్, చిన్న జగ్గులో పాలు, వేడి వేడి స్కోన్లు, స్ట్రాబెర్రీ జామ్, పక్కన గిన్నెలో గడ్డ మీగడ. దాన్ని క్లాటెడ్ క్రీమ్ అంటారట. సన్న సెగ మీద గంటల తరబడి వెచ్చబెట్టి, చల్లార్చి, పైన కట్టిన మీగడ తీస్తారు. ఒక చెంచా నోట్లో పెట్టుకోగానే మా అమ్మ దాలి మీద కాచిన పాలు గుర్తొచ్చాయి. డెవన్‌లో ముందు మీగడ రాసి ఆపైన జామ్ వేస్తారు. పక్కనే ఉన్న కార్న్‌వాల్ వాళ్ళు ముందు జామ్, తర్వాత మీగడ అంటారు. ఈ తగువు ఇప్పటికీ తేలలేదట. పప్పన్నంలో ముందు నెయ్యా, ముందు ఆవకాయా అని మా ఇంట్లో జరిగే గొడవ లాంటిదే.

మూల అరలో అట్టపెట్టెలు కనిపించాయి. డామినోలు, డ్రాఫ్ట్స్, లూడో. అమ్మాయి వెళ్ళి ఒక పెట్టె తెచ్చి విప్పింది. అంచులకి టేపు అంటించిన స్నేక్స్ అండ్ లాడర్స్.

"వైకుంఠపాళి!" అన్నాను, కొంచెం గట్టిగానే. మన దగ్గర్నించి వెళ్ళిన ఆటే మరి. మన పటంలో నిచ్చెనలు పుణ్యాలు, పాములు పాపాలు, పైన వైకుంఠం. వీళ్ళ పటంలో పైన వంద అంకె, అంతే. లూడో కూడా మన పచ్చీసే. 1896లో ఇంగ్లండులో దానికి పేటెంటు కూడా తీసుకున్నారు.

నాలుగు పందేలకే నన్ను పాము మింగింది. అమ్మాయి పగలబడి నవ్వింది. వారం తర్వాత విన్నాను ఆ నవ్వు.

"నానమ్మయితే గవ్వలు సరిగా పడలేదే, మళ్ళీ వేస్తాననేది" అంది. తర్వాత పాచిక చేతిలోనే పెట్టుకుని, "నీతో ఆడడం నాకు ఇదే మొదటిసారి, తెలుసా?" అంది.

"అదేమిటే, చిన్నప్పుడు సెలవుల్లో రోజూ..."

"ఆడింది నానమ్మ. నువ్వు జంతికల పళ్ళెం పెట్టేసి వెళ్ళిపోయేదానివి. రా అమ్మా అంటే, స్టవ్ మీద పాలున్నాయి అనేదానివి. ఎప్పుడూ పాలే."

నాకు రోషం వచ్చింది. "మరి ఆ జంతికలు ఎవరు తిన్నారు?" అన్నాను.

"మేమే తిన్నాం. ఎంత బాగుండేవో! కానీ నువ్వు కూర్చోలేదు కదమ్మా."

ఏం చెప్పను? ఇంట్లో తొమ్మిదిమందిమి. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. పొద్దున్న కాఫీ నుంచి రాత్రి మజ్జిగ దాకా నా చేతి మీదుగానే నడవాలి. కడుపు నిండా పెట్టడమే ప్రేమ అనుకున్నాను. అబద్ధం కాదు, అదీ ప్రేమే. కానీ పిల్లలు పక్కన చోటు ఉంచి పిలిచారన్న సంగతి నేను గమనించనే లేదు. ఆ రోజు నేను కూర్చోగలిగానంటే, ఇంకెవరో స్కోన్లు చేశారు, ఇంకెవరో కప్పులు కడుగుతున్నారు. అల్లుడు గారు చపాతీలు వత్తితే తప్పేమిటో నాకే తెలియలేదు.

"ఆడు, నీ పందెమే" అన్నాను. ఇంకో రెండాటలు ఆడాం. రెండూ అదే గెలిచింది.

తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా అదే మాట్లాడింది. 1864లో లండన్‌లో ఎయిరేటెడ్ బ్రెడ్ కంపెనీ వాళ్ళు టీ షాపు పెట్టారట. తర్వాత అలాంటివి బోలెడు వచ్చాయి. మగవాళ్ళు వెంట లేకుండా ఆడవాళ్ళు బయట కూర్చోగలిగిన చోట్లు అప్పట్లో అవేనట. నా చిన్నప్పుడు కాకినాడ హోటల్లో పరదా వేసిన ఫ్యామిలీ రూమ్ గుర్తొచ్చింది. అందులోకైనా నాన్నగారు లేకుండా వెళ్ళింది లేదు.

ఆ రాత్రి అల్లుడు గారు ఉల్లిపాయలు తరుగుతుంటే నేను లేవలేదు. లేవకుండా కూర్చోవడం ఎంత కష్టమో మీకు తెలుసుగా! పెనం మీద కూర కొంచెం అడుగంటిన వాసన కూడా వచ్చింది. అయినా లేవలేదు. అమ్మాయి నా వైపు చూసి, ఏమీ అనకుండా పక్కన వచ్చి కూర్చుంది.

ఇప్పుడు కాకినాడలో ఆదివారం నాలుగింటికి మావారు టీ పెడతారు. పంచదార ఎక్కువే వేస్తారు. పొద్దున్నే వేయించిన కారప్పూస డబ్బా, అష్టాచెమ్మా గవ్వలు బల్ల మీదుంటాయి. పక్కింటి వదిన కూడా వస్తుంది. సరిగ్గా ఆ సమయానికే అమ్మాయి వీడియో కాల్ చేస్తుంది. మొదట అడిగే మాట ఒక్కటే.

"స్టవ్ మీద పాలు లేవు కదా?"