విమానం ఎక్కకముందు

2024 సెప్టెంబర్ 3, జగిత్యాల
ఒకటో తారీఖు నుంచి దుబాయిలో ఆమ్నెస్టీ మొదలైంది. వీసా గడువు తీరినవాళ్లు జరిమానా లేకుండా ఇంటికి రావచ్చు, పని దొరికితే అక్కడే కాగితాలు సరిచేసుకోవచ్చు. పొద్దున్నుంచి ఫోన్లే. ఎక్కువమంది, కాగితాల్లేకుండా ఖల్లివల్లి అయినవాళ్ల తల్లులు. "మావోడు ఖల్లివల్లి అయిండు సార్, ఇప్పుడన్న వస్తడా?"

సెప్టెంబర్ 9
మల్యాల వైపు నుంచి ఒక పిల్లగాడు వచ్చాడు. తొమ్మిదితో చదువు ఆగింది కాబట్టి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ముద్ర ఉంది. పది పాసైతే అది ఉండదు. ఆ ముద్ర ఉన్నవాళ్లు సౌదీ, ఎమిరేట్స్, కువైట్, ఖతార్ లాంటి చోట్లకు పనికి పోవాలంటే, 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. ఏజెంటేమో విజిట్ వీసా మీద పంపుతానన్నాడట.

"అక్కడికి పోయినంక కంపెనీ వీసా కొట్టిస్తరట సార్. అందరు గట్లనే పోతున్నరు."

పోతున్నారు, నిజమే. వీసా కొట్టించకపోతే? పిల్లగాడు తల వంచుకున్నాడు. వాళ్ల నాయన అప్పటికే భూమి కుదువ పెట్టాడు.

అదే రాత్రి
అనుమతితో పోయేవాడి జీతం, పని, యజమాని పేరు ప్రభుత్వ పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో నమోదై ఉంటాయి. రేపు జీతం ఆగితే ఎంబసీలో చూపించడానికి ఒక ఆధారం. ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. రెండేళ్లకు ప్రీమియం ₹275. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి ₹10 లక్షలు. లైసెన్సున్న ఏజెంటు తీసుకోవాల్సిన సర్వీసు చార్జీకి ₹30,000 దాటకూడదని పరిమితి ఉంది, జీఎస్టీ వేరు. ఈ పిల్లగాణ్ని అడిగింది లక్షా ఇరవై వేలు. అంత పోసి, ఈ రక్షణ ఒక్కటీ లేకుండా పోవడం! ఆలోచిస్తే కడుపు మండుతోంది.

సెప్టెంబర్ 20
గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు ₹5 లక్షలు ఇచ్చేందుకు రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. ఎన్నేళ్లుగానో అడుగుతున్నది. మంచిపని.

అక్టోబర్ 6
రాయచోటి మిత్రుడితో చాలాసేపు మాట్లాడాను. అక్కడి ఆడవాళ్లది కువైట్ దారి. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇంటిపనికి పోవాలంటే 30 ఏళ్లు నిండాలి, అదీ ప్రభుత్వ సంస్థల ద్వారానే. నియమం మంచికే పెట్టారు. కానీ ఇరవై అయిదేళ్ల తల్లికి పిల్లల ఫీజు ఇప్పుడే కట్టాలి. ఆమె ఆగదు, దొంగదారి చూపించేవాడి దగ్గరికి పోతుంది. వయసు పేరుతో తలుపు మూసేకన్నా, పని ఇచ్చే ఇంటిని గట్టిగా తనిఖీ చేయడమే ఆమెకు రక్షణ అని నా నమ్మకం.

నవంబర్ 2
ఆమ్నెస్టీని డిసెంబర్ 31 దాకా పొడిగించారు. మల్యాల పిల్లగాడు విజిట్ వీసా మానుకున్నాడు. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో పేరు రాయించుకున్నాడు. ఏజెంటుకిచ్చిన అడ్వాన్సు ఇంకా తిరిగి రాలేదు.

పోవాలనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేది ఇదే: ఏజెంటు లైసెన్సు నంబరు ఈ-మైగ్రేట్‌లో చూడండి. డబ్బు బ్యాంకు ద్వారానే కట్టి రసీదు దాచుకోండి. విజిట్ వీసా మీద పనికి పంపుతానన్నవాడి చేతికి పాస్‌పోర్టు ఇవ్వకండి.