బిందె మీద గ్లాసు చప్పుడు

సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్తే నేను మొదట చేసే పని నిద్రపోవడం. 2001 జనవరిలోనూ అంతే. భోగి ముందురోజు మధ్యాహ్నం బస్సు దిగి, అమ్మ పెట్టిన అన్నం తిని, నడవలో నులక మంచం మీద వాలిపోయాను. తెల్లవారుజామున భోగిమంటకి చెల్లి లేపితే లేవలేదు. ఆ మూడు రోజుల పండగలో నాకు బాగా గుర్తుండిపోయింది ఒక్క చప్పుడు. అర్ధరాత్రి వంటింట్లో ఇత్తడి బిందె మీద మూత తీయడం, గ్లాసు ముంచడం, తాగిన గ్లాసుని మూత మీద బోర్లించడం. కాసేపటికి పెరటి తలుపు గడియ. మళ్లీ కాసేపటికి బిందె.

"ఏంటమ్మా, నిద్రపట్టట్లేదా?" అన్నాను పక్కకి ఒత్తిగిలుతూ.

"అరిసెలు తిన్నాను కదే, దాహం. నువ్వు పడుకో. హాస్టల్‌కి వెళ్తే మళ్లీ నీకు నిద్రుండదు."

పడుకున్నాను. అప్పటికి కొన్ని నెలల కిందటే ఫిజియాలజీ పేపర్లో ఆ సంగతే బొమ్మ గీసి మరీ రాశాను. రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే కిడ్నీలు దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోలేవు. మూత్రంలోకి దిగిన చక్కెర తనతోపాటు నీటిని లాక్కుపోతుంది. అందుకే మాటిమాటికీ మూత్రం, అందుకే తీరని దాహం. ఆ పేపర్లో మంచి మార్కులు వచ్చాయి. నా మంచానికి పది అడుగుల దూరంలో అదే పాఠం నాలుగైదుసార్లు బిందె మూత తీసి పెడుతుంటే మాత్రం నాకు వినపడలేదు.

పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలో చదివాను. ఎంసెట్ ర్యాంకుతో 1999లో ప్రభుత్వ వైద్య కళాశాలలో చేరాను. మా ఊళ్లో అంతకు ముందు ఎవరూ మెడిసిన్ చదవలేదు. చేరిన మొదటి వారంలోనే డిసెక్షన్ హాల్లో టేబుల్‌కి పది మందిని పంచారు. ఫార్మలిన్‌కి కళ్లు మండి నీళ్లు కారేవి. అందరివీ కారేవి కాబట్టి నేను నిజంగా ఏడ్చిన రోజు ఎవరికీ తెలియలేదు. ఏడ్చింది శవాన్ని చూసి కాదు. చౌరాసియా అనాటమీ పుస్తకంలో చంకలోని నరాల గురించి ఒక్క పేజీ చదవడానికి, డిక్షనరీ పక్కన పెట్టుకుని, రెండు గంటలు పట్టింది. ఇంగ్లీషు మీడియం పిల్లలు ఒకసారి చదివి వైవాకి వెళ్లేవాళ్లు. నేను మూడుసార్లు చదవాలి. ఆ తేడాని రోజులో ఎక్కడో ఒకచోట నుంచి కోసి తెచ్చుకోవాలి.

ఎక్కడెక్కడ కోశానో చెప్తాను. నిద్ర సంగతి సరే, అందరూ చెప్పేదే. వారపత్రికల్లో సీరియళ్లు చదవడం, సినిమాలు చూడటం మానేశాను. స్నేహితురాలి పెళ్లికి వెళ్లలేదు. ఆదివారాలు మెస్‌లో అందరూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే కంచం చేత్తో పట్టుకునే గదికి పోయేదాన్ని. ఇవన్నీ నిజమే కానీ నాకు వాటి మీద పెద్ద దిగుల్లేదు. సినిమాలు తర్వాత చూడొచ్చు, చూశాను. వైద్యవిద్యలో త్యాగాల గురించి మాట్లాడేటప్పుడు మేమందరం ఈ జాబితా దగ్గరే ఆగిపోతాం. నేను కోసుకున్న అసలు సమయం ఇంకొకటి: ఇంటికి చేసే ఫోను. రాత్రి పొద్దుపోయాక ఛార్జీ తగ్గుతుందని ఎస్టీడీ బూత్ ముందు వరసలో నిలబడాలి. అటు పక్క మా ఇంటి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టువాళ్లు అమ్మని కేకేయాలి. అంతా కలిపి గంట. మొదట్లో వారానికోసారి చేసేదాన్ని. సెకండియర్‌కి వచ్చేసరికి అది నెలకోసారి అయింది. చేసినా నేను చెప్పేదే ఎక్కువ. మార్కులు, మెస్, పరీక్షల తేదీలు. "నువ్వెలా ఉన్నావమ్మా?" అని అడిగితే "నాకేంటే, రాయిలా ఉన్నాను" అనేది. ఆ జవాబు నాకు సరిపోయేది. సరిపోవాలనే కోరుకున్నాను కూడా, ఎందుకంటే మర్నాడు ఫార్మకాలజీ ఇంటర్నల్స్ ఉండేవి.

2002 మొదట్లో సెకండ్ ఎంబీబీఎస్ పరీక్షలు. పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ, ఫోరెన్సిక్ మెడిసిన్. పద్దెనిమిది నెలలు చదివిందంతా కొద్ది వారాల్లో తేలిపోతుంది. ఒక్కటి పోయినా సప్లీ, బ్యాచ్‌మేట్ల నుంచి విడిపోతామన్న భయం. చివరి ప్రాక్టికల్ అయిన సాయంత్రం నాన్న హాస్టల్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. తలకి తువ్వాలు చుట్టుకున్నాడు. నాన్న ఎప్పుడూ తలకి తువ్వాలు చుట్టడు, భుజాన వేసుకుంటాడు. దగ్గరికి వెళ్లాక చెవుల పైన గుండు కనిపించింది.

"నాన్నమ్మా?" అన్నాను.

"పదహారు రోజులైందమ్మా. నీకు పరీక్షలని చెప్పలేదు."

నన్ను చిన్నప్పుడు పొట్ట మీద పడుకోబెట్టుకుని పెంచిన మనిషి. చివరి రెండు రోజులు నా పేరే పిలిచిందట. ఊరు ఊరంతా కలిసి ఆ మాట నా దాకా రాకుండా కాపాడారు. మా కాలేజీలోనే చదువుతున్న పక్క ఊరి అబ్బాయికి కూడా తెలుసు, చెప్పొద్దని నాన్న ఒట్టు వేయించుకున్నాడట. ఇది మా ఇంట్లోనే జరిగిన వింత కాదు. తెలుగునాట పిల్లల్ని పెద్ద చదువులకి పంపిన చాలా ఇళ్లలో ఇలాంటి చావొకటి, పరీక్షలయ్యేదాకా దాచి పెట్టిన చావు, ఉంటుంది. ప్రేమతోనే దాస్తారు. ఆ ప్రేమ మీద నాకు కోపం లేదు. కానీ అంత్యక్రియలకు వెళ్లాలా, పరీక్ష రాయాలా అని తేల్చుకునే హక్కు నాదని, నాకు తెలియకుండానే అది ఖర్చయిపోయిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

మర్నాడు ఇంటికి వెళ్తే అమ్మ కుంటుతోంది. కుడి పాదానికి పాత చీర పేలిక కట్టి ఉంది. ఏదో గుచ్చుకుందట, ఎప్పుడో తెలీదట. కట్టు విప్పితే బొటనవేలి పక్క వేలు నల్లబడి ఉంది. వాసన నాకు తెలుసు, సర్జరీ వార్డులో రోజూ పీల్చేదే. "నొప్పి లేదే" అంది అమ్మ, అదేదో శుభవార్తలా. ఆ మాటకే నా కాళ్లు చల్లబడ్డాయి. అంత పుండుకి నొప్పి లేకపోవడం కంటే చెడ్డ కబురు లేదు. నరాలు అప్పటికే మొద్దుబారాయన్నమాట. టౌన్లో పరగడుపున రక్తం తీయిస్తే చక్కెర 286. పరగడుపున 126కి చేరితేనే మధుమేహం అంటాం.

తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చింది. దినాల పదకొండు రోజులూ వచ్చిపోయే బంధువులకి అమ్మ చెప్పుల్లేని కాళ్లతో, తడి నేల మీద నిలబడి వండి వడ్డించింది. కాలు వాచిందని చెల్లి అంటే, "దానికి చెప్పకండి, పరీక్షలు" అందట. నాన్నమ్మ పోయిన రోజే నన్ను పిలిచి ఉంటే ఆ కాలు నా కంట పడేది. ఇది నా ఊహే, నాకు తెలుసు. పండక్కి వచ్చినప్పుడు నాకు వినపడిన బిందె చప్పుడు మాత్రం ఊహ కాదు.

ఆ వేలు తీసేయాల్సి వచ్చింది. ఇంకో పది రోజులు ఆలస్యమైతే పాదమే పోయేదని సర్జన్ గారు చెప్పారు. కట్లు మార్చడానికి, ఇన్సులిన్ ఇవ్వడానికి, పొయ్యి దగ్గర నిలబడ్డానికి ఒక మనిషి కావాలి. చెల్లి అప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం. నాన్న ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు. చెల్లి కాలేజీకి వెళ్లడం ఆగిపోయింది. నేను బస్సెక్కి థర్డియర్ క్లాసులకి వచ్చేశాను. నేను చేశానని ఊళ్లో చెప్పుకునే త్యాగాల్లో అన్నిటికన్నా పెద్దది చేసింది చెల్లే. దాన్ని ఎవరూ సన్మానానికి పిలవలేదు. తర్వాత దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేసుకుంది కానీ, లెక్చరర్ అవ్వాలన్న దాని కోరిక అక్కడే ఆగిపోయింది. ఆ బాకీ ఎలా తీర్చాలో నాకు ఈరోజుకీ తెలియదు.

నేను మార్చుకోగలిగింది కొంచెమే. నెలలో మొదటి ఆదివారం ఇంటికి వెళ్లాలని నిశ్చయించుకున్నాను, పరీక్షలున్నా సరే. వెళ్తే నిద్రపోకూడదు, అమ్మతో కూర్చోవాలి. ఫోన్లో "ఎలా ఉన్నావు" అనే ప్రశ్న మానేశాను. "ఇవాళ పొద్దున ఏం తిన్నావు, రాత్రి ఎన్నిసార్లు లేచావు, కాళ్లు చూసుకున్నావా" అని అడిగేదాన్ని. రోగిని అడిగినట్టు అడుగుతోందని అమ్మ నవ్వేది. రోగిని అడిగినంత శ్రద్ధగా అంతకు ముందు అడగలేదన్నది నా బాధ. ఆ ఆదివారాల వల్ల కావచ్చు, కాకపోవచ్చు, పీజీ ఎంట్రన్స్‌లో మొదటిసారి నాకు సీటు రాలేదు. మరో ఏడాది చదివి జనరల్ మెడిసిన్‌లో చేరాను. ఆ ఏడాది పోయిందని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు.

అంతకు ముందు హౌస్ సర్జన్సీలో క్యాజువాలిటీ డ్యూటీలు ఇరవై నాలుగు గంటలు ఉండేవి, తెల్లారాక మళ్లీ వార్డు, ఓపీ. రెసిడెంట్ డాక్టర్ల డ్యూటీ మామూలుగా ఏకబిగిన 12 గంటలు మించకూడదని 1992లోనే కేంద్ర ప్రభుత్వం చెప్పింది. మా వార్డుల్లో ఆ సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. నిద్రలేక రాసిన కేస్ షీట్లు నాకు గుర్తున్నాయి, పొద్దున చూస్తే నా రాత నాకే అర్థమయ్యేది కాదు. 2024లో జాతీయ వైద్య కమిషన్ నియమించిన టాస్క్‌ఫోర్స్ దేశమంతటా వైద్య విద్యార్థులను అడిగితే, ఎంబీబీఎస్ పిల్లల్లో 27.8 శాతం మంది తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉందని చెప్పారు. రెసిడెంట్లకు వారానికి 74 గంటలకు మించి పని ఉండకూడదని కూడా ఆ బృందం సూచించింది. ఆ పిల్లలు ఇప్పుడు నా వార్డులో, నా రౌండ్లలో ఉన్నారు. పగలూ రాత్రీ తేడా లేకుండా చదివితేనే మంచి డాక్టరవుతారని వాళ్లకి చెప్పే పెద్దల్లో నేను చేరలేను. అలా చదివే ఆ గ్లాసు చప్పుడు వినలేకపోయాను.

రౌండ్స్ అయ్యాక మధుమేహ రోగుల కాళ్లు పరీక్షించడం పిల్లలకి నేనే చూపిస్తాను. ముందు చెప్పులు చూడండి, తర్వాత వేళ్ల సందులు చూడండి అంటాను. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ని ముందు రోగి ఛాతీ ఎముక మీద పెట్టి అదురు ఎలా ఉంటుందో తెలియనివ్వాలి. తర్వాత కళ్లు మూసుకోమని, బొటనవేలి ఎముక మీద పెట్టాలి. మధ్యలో ఒకసారి అదరని ఫోర్క్ కూడా పెట్టి చూడాలి. అలా ఎందుకు చేయాలో పుస్తకంలో రాసి ఉంటుంది. నేను మాత్రం దాన్ని మా ఇంటి అరుగు మీద నేర్చుకున్నాను.

2003లో ఒక మొదటి ఆదివారం. ఎండ ఇంకా దిగలేదు. అమ్మ పాదం నా ఒళ్లో పెట్టుకున్నాను. వేలు లేనిచోట మచ్చ తెల్లబడింది. కొత్తగా కొనుక్కున్న ఫోర్క్‌ని అరచేతి మీద కొట్టి, తన ఛాతీ మీద పెట్టి చూపించాను. "జుయ్యిమంటోందే" అని నవ్వింది. కళ్లు మూసుకోమన్నాను. మళ్లీ కొట్టి బొటనవేలి మీద పెట్టాను.

"తెలుస్తోందా అమ్మా?"

"ఆఁ, తెలుస్తోంది."

ఫోర్క్‌ని పిడికిట్లో గట్టిగా పట్టుకుని అదురు ఆపేశాను. తర్వాత అదే చోట మళ్లీ పెట్టాను.

"ఇప్పుడు?"

"తెలుస్తోందే. బాగా తెలుస్తోంది" అంది అమ్మ, కళ్లు మూసుకునే. "నా కాలికేం కాలేదు గానీ, నువ్వెళ్లి చదూకో."