సాల్ట్ లేక్‌లో మా ఇంటి ఎంచిలాడా

ఉద్యోగరీత్యా ఊళ్ళు మారడం మా కుటుంబానికి కొత్త కాదు. రెండు మూడు బదిలీల అనంతరం కలకత్తా మహానగరానికి తూర్పున ఉన్న సాల్ట్ లేక్‌కు వచ్చి మూడేళ్ళు కావస్తున్నది. పేరుకు తగ్గట్టు ఇది ఒకప్పుడు ఉప్పునీటి చెరువుల ప్రాంతం. డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, 1962లో, హుగ్లీ నది పూడిక మట్టిని గొట్టాల ద్వారా తెచ్చి ఈ చెరువులను పూడ్చే పని ఆరంభమైంది. ఆయన స్మారకంగానే దీనికి బిధాన్ నగర్ అన్న పేరు వచ్చింది. అక్షరాల పేర్లతో ఉన్న ఇక్కడి బ్లాకులలో కొత్తవారు దారి తప్పడం పరిపాటి. మేమూ తప్పాము, నేర్చుకున్నాము.

నేర్చుకోలేకపోయింది మా అమ్మ ఒక్కతే. నాన్నగారు పోయిన తరువాత జగిత్యాల దగ్గరి పల్లె నుండి ఆమెను మాతో తీసుకొని వచ్చాము. బెంగాలీ తెలియదు, హిందీ అంతంతమాత్రం. పనిమనిషి, గ్యాసు పొయ్యి, తడి గ్రైండరు అన్నీ ఉన్న ఇంట్లో ఆమెకు చేయడానికేమీ మిగలలేదు. బాల్కనీలో కూర్చొని తమలపాకులకు సున్నం రాసుకుంటూ, "ఈడ నా చేతులకు పని లేదు బిడ్డా" అనేది. ఆ మాటకు మా ఇద్దరి వద్దా సమాధానం ఉండేది కాదు.

ఇటువంటి రోజులలో, పదవ తరగతి చదువుతున్న మా అమ్మాయి తన పుట్టినరోజుకు కేకు వద్దని, స్నేహితురాలి ఇంట్లో తిన్న ఎంచిలాడా కావాలని కోరింది. మొక్కజొన్న రొట్టెను మిరపకాయల పులుసులో ముంచి, లోపల కూర పెట్టి చుట్టి, పైన జున్ను వేసి ఓవెన్‌లో కాల్చే మెక్సికో వంటకమిది. స్పానిష్ భాషలో ఆ మాటకు 'కారం పట్టించినది' అని అర్థం. కారం పట్టించడం మనవారికి ఎవరూ నేర్పనక్కర లేదు గదా అని ధైర్యంగా ఒప్పుకున్నాము.

మొదటి ప్రయత్నంలోనే భంగపడ్డాము. దుకాణంలో కార్న్‌ఫ్లోర్ అని అడిగి తెచ్చిన పొట్లంలో ఉన్నది పిండి కాదు, సూపు చిక్కబడడానికి వాడే గంజిపొడి. నీళ్ళు పోయగానే బంకగా మారింది. మరునాడు అసలైన మొక్కజొన్న పిండి తెచ్చాము. రొట్టెలు వచ్చాయి గాని, చుట్టబోతే మధ్యకు విరిగిపోయాయి. అమ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఆ ముక్కలను చూసింది.

"మక్కపిండా? మక్కరొట్టె ఏమీ లేనోల్లు తినేది. పిల్ల పుట్టినరోజు నాడు గదా పెట్టేది?" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట భోజనానికి కూడా రాలేదు. ఆమెను ఏ మాట నొప్పించిందో మాకు బోధపడలేదు.

శిక్షణ నిమిత్తం కొంతకాలం మెక్సికోలో గడిపి వచ్చిన మా కార్యాలయ మిత్రుడొకరు అసలు కిటుకు చెప్పారు. అక్కడివారు మొక్కజొన్నలను నేరుగా పిండి పట్టించరు. సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, కడిగి, పచ్చిగానే రుబ్బుతారు. సున్నం వలన గింజ పైపొట్టు ఊడివస్తుంది, ముద్దకు జిగి వస్తుంది, రొట్టె విరగకుండా మడత పడుతుంది. వేల ఏళ్ళ నాటి పద్ధతి.

తినే సున్నం మా ఇంట్లో ఎక్కడున్నదో వేరే చెప్పాలా? అమ్మాయి వెళ్ళి, "బాపమ్మా, నీ సున్నపు డబ్బీ ఇస్తావా?" అని అడిగింది. "మక్కలల్ల సున్నమా?" అని అమ్మ ఆశ్చర్యపడి, డబ్బీతో సహా తానే వంటింట్లోకి వచ్చింది.

అర కిలో ఎండు మొక్కజొన్నలను లీటరున్నర నీటిలో పోసి, ఒక చిన్న చెంచా సున్నం కలిపి, సన్నని సెగపై ముప్పావు గంట ఉడికించాము. సున్నం అల్యూమినియంను తినివేస్తుంది గనుక స్టీలు గిన్నెనే వాడాలి. గింజలు పసుపుపచ్చగా మెరిశాయి. అమ్మ ఒక గింజను బొటనవేలితో నలిపి, పొట్టు జారిపోవడం చూసి, "ఇగ దించుండ్రి" అన్నది. రాత్రంతా నాననిచ్చి, ఉదయం నాలుగైదు నీళ్ళలో పొట్టు పోయేదాకా కడిగి, తడి గ్రైండరులో గట్టిగా రుబ్బాము. ఆ తరువాత పని మా చేతులలో లేదు. అమ్మ పీటపై ప్లాస్టిక్ కాగితం పరచి, తడిచేతితో ముద్దను తడుతూ తిప్పుతూ గుండ్రని రొట్టెలు చేసింది. పెనం మీద అవి పొంగాయి. చుట్టి చూశాము, ఒక్కటీ విరగలేదు.

రొట్టెలు తడుతూనే అమ్మ చెప్పింది, మాకు ఎన్నడూ చెప్పని సంగతి. తన చిన్నతనంలో వరి అన్నం పండుగ నాడే. మిగిలిన రోజులన్నీ జొన్న, అది అయిపోతే మక్క. ఎండాకాలం వచ్చేసరికి తన తల్లి మెడ చుట్టూ, ముంజేతుల మీద చర్మం నల్లబడి పొరలు లేచేదట. ఎవరో శాపమన్నారు, ఎవరో అంటురోగమని దూరంగా కూర్చోబెట్టారు.

ఏ వైద్యుడూ చూడని ఆ జబ్బుకు ఇప్పుడు పేరు పెట్టడం మా పని కాదు. అయితే అటువంటి లక్షణాలు గల పెల్లాగ్రా అనే వ్యాధి ఒకటున్నది. మొక్కజొన్నలో నయాసిన్ అనే విటమిను ఉన్నా, శరీరానికి అందని రీతిలో బిగిసి ఉంటుంది. సున్నంతో ఉడికిస్తే విడుదలవుతుంది. పంటను మాత్రమే తీసుకొని పద్ధతిని విడిచిపెట్టిన ఐరోపాలోను, అమెరికా దక్షిణ రాష్ట్రాలలోను, మొక్కజొన్నే ఆధారమైన పేదలను ఈ వ్యాధి పీడించింది. మన దక్కనులో జొన్న ప్రధానాహారంగా గలవారిలోనూ ఇది కనిపిస్తున్నదని హైదరాబాదు పోషకాహార శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో వెల్లడించారు. ఇది శాపమూ కాదు, అంటురోగమూ కాదు. ఈ మాటలన్నీ అమ్మకు వివరించాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆపైన, "సున్నం మా ఇంట్ల గూడ ఉండె. చెప్పినోల్లే లేకపాయె" అన్నది.

పులుసుకు అమ్మ ఊరినుండి తెచ్చుకున్న చపాటా మిరపకాయలు అక్కరకు వచ్చాయి. వరంగల్ ప్రాంతపు ఈ మిరపలో రంగు ఎక్కువ, కారం తక్కువ. పది కాయలను గింజలు తీసి వేడినీటిలో నానబెట్టి, నాలుగు టమాటాలు, వెల్లుల్లి, జీలకర్రతో రుబ్బి, నూనెలో ఉడికించాము. మిరప, టమాటా, మొక్కజొన్న మూడూ అమెరికా ఖండాల నుండే మన దేశానికి వచ్చాయి. లోపల పెట్టడానికి ఉడికించిన రాజ్మా, పనీరు. పైకి, న్యూ మార్కెట్‌లో దొరికే బండేల్ జున్ను. పోర్చుగీసు వారి నుండి హుగ్లీ తీరానికి అబ్బిన, పొగ పట్టించిన ఉప్పటి జున్ను ఇది. కరగడం కోసం మామూలు చీజు కూడా తురిమాము. ఒక్కొక్క రొట్టెనూ పులుసులో ముంచి, కూర పెట్టి చుట్టి, పళ్ళెంలో వరుసగా అమర్చి, మిగిలిన పులుసు పోసి, జున్ను చల్లి, 180 డిగ్రీల వేడిలో ఇరవై నిమిషాలు ఉంచాము.

మా అమ్మాయి, ఆమె స్నేహితురాళ్ళు పళ్ళెం ఖాళీ చేశారు. అమ్మ ఒక్కటి రుచి చూసి, "ఉప్పెక్కువైంది" అని తీర్పు చెప్పింది. నిజమే. బండేల్ జున్నును ముందురోజు రాత్రే నీళ్ళలో నానవేయవలసింది, మేము మరచిపోయాము. ప్రయత్నించే పాఠకులు ఆ పొరపాటు చేయవద్దని మనవి.

పిల్లలు వెళ్ళిపోయిన తరువాత వంటింట్లో చప్పుడైతే వెళ్ళి చూశాము. మిగిలిన ముద్దతో అమ్మ రెండు రొట్టెలు కాల్చుకొని, వెల్లుల్లికారం వేసుకొని, పీట మీద కూర్చొని తింటున్నది. మాకు ఊహ తెలిసిన నాటినుండి ఆమె మక్కరొట్టె ముట్టగా మేము చూడలేదు. మమ్మల్ని చూసి, "వచ్చే ఐతారం కిలో నానెయ్యుండ్రి. అర కిలో ఏం సరిపోతది?" అన్నది.