కొక్కెర అన్న ఒక్క మాట

అమరకోశంలో నెమలికి పేర్లు చాలా ఉన్నాయి. పింఛమున్నది గనుక బర్హి, కేక వేయును గనుక కేకి, సిగ ఉన్నది గనుక శిఖి, పామును తినును గనుక భుజంగభుక్కు. ఏళ్ళ తరబడి పిల్లలకు ఈ వ్యుత్పత్తులు చెప్పినవాణ్ణి. అయితే అయిదు వారాల నెమలిపిల్లకు వీటిలో ఏదీ సరిగా నప్పదు. పింఛం లేదు, కేక లేదు, సిగ అప్పుడప్పుడే మొలుస్తూ ఉంటుంది. చూపునకు అది మట్టిరంగు కోడిపిల్ల. అందుచేతనే కాబోలు, దానికి జబ్బు చేస్తే జనం కోడిజబ్బు పేరే పెడతారు. ఆ పేరు ఒక్కొక్కప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది.

నల్లమల అంచున ఉన్న మా పల్లెలో కందిచేలల్లో నెమళ్ళు నిర్భయంగా తిరుగుతాయి. ఆషాఢమాసంలో పొరుగు రైతు చేను దున్నిస్తుండగా ట్రాక్టరు చప్పుడుకు పొదుగుతున్న తల్లి లేచిపోయింది. అతడు జాలిపడి నాలుగు గుడ్లను ఇంటికి తెచ్చి పొదుగుడు పెట్ట కింద పెట్టాడు. కోడిగుడ్డుకు 21 రోజులు చాలు, నెమలిగుడ్డుకు 28 రోజులు కావాలి. ఆ పెట్ట ఓపికగలది, అదనంగా వారం కూర్చుంది. మూడు పిల్లలయ్యాయి.

శ్రావణంలో ముసురు పట్టింది. ఒక పిల్ల చనిపోయింది. నాలుగు రోజులకు మరొకటి. ఆ ఉదయమే మూడవదాన్ని గంపలో పెట్టుకుని మా అరుగు మీదికి వచ్చాడు. రెక్కలు జారవేసి, కళ్ళు మూసుకుని, ఈకలు ఉబ్బించుకుని ఉంది.

“కొక్కెర తగిలింది మాస్టారూ. దీనికి మందు లేదంటగదండీ. ఏ చెట్టు కిందో వదిలేసి వద్దామా?”

“ఉండవయ్యా, ముందు రెట్ట చూడనీ” అన్నాను.

కొక్కెర అంటే పుస్తకాలలో చెప్పే రాణీఖేత్ వ్యాధి. అది వచ్చిన పక్షికి మందు లేదన్నది నిజమే. ముందుగా వేయించే టీకా ఒక్కటే రక్ష. కాని పల్లెలో కోడి తల వాల్చితే చాలు, కొక్కెర అనేస్తారు. అన్నాక ఇక చూడరు. మందు లేని పేరు పెట్టినందువల్ల మందు ఉన్న జబ్బు కూడా చంపుతుంది.

పక్షి తన బాధను దాచుకుంటుంది. కాని రెట్ట దాచదు. కొక్కెరలో ఆకుపచ్చగా పారుతుంది, ఊపిరి ఆడదు, మెడ మెలితిరగవచ్చు. రక్తపారుడు, అనగా కాక్సిడియోసిస్ అయితే రెట్టలో నెత్తురు కనబడుతుంది. ఈ పిల్ల మెడ తిన్నగానే ఉంది, నెత్తురు లేదు. గంప అడుగున ఉన్నది గంధకం రంగు పసుపుపచ్చని నీళ్ళ రెట్ట. చనిపోయిన పిల్లను కూడా సంచిలో పెట్టించి మండలంలోని పశువైద్యశాలకు బయలుదేరాము.

డాక్టరు గారు చనిపోయినదాన్ని కోసి చూపించారు. కాలేయం మీద గుండ్రని మచ్చలు, నడుమ గుంట పడినట్లు. గుడ్డిపేగులు రెండూ ఉబ్బి, లోపల జున్నువలె గడ్డకట్టి ఉన్నాయి. “బ్లాక్‌హెడ్” అన్నారు. ఈ జబ్బులో తల నల్లబడటం అరుదట. అన్వర్థనామం కాదన్నమాట! రోగకారకం కంటికి కనబడని హిస్టోమొనాస్ అనే ఏకకణజీవి. అది కోడి గుడ్డిపేగుల్లోని నులిపురుగుల గుడ్లలో దాగి ఏళ్ళ తరబడి మట్టిలో బ్రతుకుతుంది. ఆ గుడ్లను మింగిన వానపామును తిన్నా చాలు. కోడి సాధారణంగా దాన్ని తట్టుకుంటుంది. నెమలి, టర్కీ తట్టుకోలేవు. ప్రాణం పోసిన పెట్ట తిరిగే పెరడే ఆ పిల్లలకు విషమైంది. ఈ మాట విని రైతు చాలాసేపు మాట్లాడలేదు.

డాక్టరు గారు పిల్లను తూచి, ఆ బరువును బట్టి మెట్రోనిడజోల్, పిదప నులిపురుగుల మందు ఇచ్చారు. తినడానికి పెంచే కోళ్ళకు మెట్రోనిడజోల్ వాడరాదని గట్టిగా హెచ్చరించారు.

నెమలి 1963 నుండి మన జాతీయపక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. దాని గుడ్లను తీయడం కూడా నేరమే. జాలిపడి తెచ్చిన మనిషికి ఆ సంగతి తెలియదు. ఆ రోజే అటవీశాఖ వారికి తెలియజేశాము. కోలుకునేదాకా వైద్యం జరగనిచ్చి తరువాత తీసుకువెళతామన్నారు.

ఇంట్లో చేయదగినది కొంచెమే, కాని అదే ముఖ్యం. కోళ్ళు తిరగని గది, పొడి వరిపొట్టు, ఒక పక్కగా వెలిగే బల్బు. పిల్ల దీపం కిందికి చేరి ముడుచుకుంటే చలి, దూరం జరిగి నోరు తెరిస్తే వేడి. నీటిని ముక్కు అంచున చుక్కచుక్కగా వదలాలి. గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రోజూ ఉదయం వంటింటి త్రాసులో తూచాను. మొదటిరోజు 240 గ్రాములు, మూడవనాటికి 225. ఆ రాత్రి ఆశ వదులుకున్నాను. అయిదవనాటికి 232. మేత ముట్టకముందే త్రాసు ఆ శుభవార్త చెప్పింది. కావ్యాలలో మేఘాన్ని చూచి ఆడే పక్షికి శైశవంలో తడి ఎంత శత్రువో అప్పుడు తెలిసింది.

మూడు వారాలకు అటవీశాఖ వారు వచ్చారు. “పెంచుకుందామనుకున్నా మాస్టారూ” అన్నాడు రైతు. మరి ఏమీ అనలేదు, గంప తనే మోసుకెళ్ళి జీపులో పెట్టాడు.

మొన్న మా వీధిలో ఒకరి పుంజు తల వాల్చింది. ఎవరో “కొక్కెర” అన్నారు. అతడు వారిని ఆగమని, మోకాళ్ళ మీద వంగి రెట్ట కోసం వెతకసాగాడు.