లువా సోర్సు దించుకుని చూడండి

కోడ్ రాయడం వచ్చిన ప్రతి విద్యార్థికీ నేను చెప్పే మాట ఇదే: ఒక్క భాషనైనా సోర్సు నుంచి మీ చేత్తో కంపైల్ చేయండి. మొదలుపెట్టడానికి లువా మంచిది. 1993లో బ్రెజిల్‌లో, రియో డి జనీరోలోని కాథలిక్ యూనివర్సిటీలో పుట్టింది. అంతా సీ కోడే. కాన్ఫిగర్ స్క్రిప్టు గొడవ లేదు. లైనక్స్‌లోనైనా బీఎస్‌డీలోనైనా టెర్మినల్లో ‘మేక్’ అని కొడితే కాఫీ కలుపుకునేలోపే అయిపోతుంది.

అసలు పండగ ఆ తర్వాత. ఎల్‌వీఎం.సీ ఫైలు తెరవండి. వర్చువల్ మెషీన్ గుండెకాయ అదే. ఒక పెద్ద లూపు, అందులో ఒక్కో ఆప్‌కోడ్‌కి ఒక్కో కేసు. కూడిక ఎక్కడ జరుగుతుందో వేలు పెట్టి చూపించొచ్చు! అక్కడో ప్రింట్‌ఎఫ్ పెట్టి మళ్లీ మేక్ కొట్టండి. రెడీమేడ్ ప్యాకేజీ వేసుకుంటే ఈ చూపు రాదు. ఈ ఆదివారమే ప్రయత్నించండి, ఎక్కడైనా ఆగితే కామెంట్లో అడగండి.